కొండ లేకపోతేనేం, గట్టుంది కదండి

(ఆదివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో వాకర్స్‌తో మాట్లాడినది, రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేశాం, మధ్యలో ప్రశ్నలు కూడా అలాగే ఉంచేశాం)

అందరికీ నమస్కారమండి. వెనకాల వాళ్ళకి వినపడుతోందాండి? ఆ, సరే. నాకు మైకు అలవాటు లేదండి, ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, అక్కడ మాట్లాడాల్సింది కాలవకి అవతలి గట్టు మీదున్న లస్కరుతో, అంటే కాలవ కాపలా చూసే మనిషితో, మైకుతో కాదు కేకలతో పని. కాబట్టి నేను గట్టిగా మాట్లాడేస్తే ఏమనుకోవద్దు, తిడుతున్నాననుకోకండి.

సెక్రటరీగారు నాకు ఫోన్ చేసి ఏమన్నారంటే, మాస్టారూ మన చుట్టుపక్కల ట్రెక్కింగ్ లాంటి నడకలు ఏమున్నాయో చెప్పండి, ఈజీగా ఉండాలి, మోకాళ్ళ వాళ్ళు కూడా రావాలి అన్నారు. నేను మాస్టార్ని కాదండీ అన్నాను, పర్లేదులెండి మాస్టారూ అన్నారు. అదండీ మన గోదావరి మర్యాద.

మనవాళ్ళతో నడక అనగానే వచ్చే మొదటి మాట ఏంటంటే, ఇక్కడేముందండీ నడవడానికి, కొండా లేదు అడవీ లేదు, అంతా వరీ కొబ్బరీ చెరువులూ. అని చెప్పి కారేసుకుని మారేడుమిల్లి వెళ్తారు, ఘాట్ రోడ్డు మీద కారాపి ఫోటో దిగి బొంగులో చికెన్ తిని వస్తారు. నడిచింది మాత్రం కారు దగ్గర్నుంచి బొంగుల పొయ్యి దాకా. మారేడుమిల్లి గొప్పదేనండి, కాదనట్లేదు, ఓపికున్నవాళ్ళు వెళ్ళాల్సిందే. కానీ నడవడానికి అంతదూరం పోనక్కర్లేదు, మన ఇంటి వెనకాల ఉన్న కాలవగట్టు నడక కోసమే కట్టిందండి. ఇది మాట వరసకి అంటున్నది కాదు, నిజంగానే నడక కోసమే కట్టారు, ఎలాగో చెప్తాను.

కాటన్ దొర గురించి ఇక్కడ నేను చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే, ఊరూరా విగ్రహం ఉంది. 1847లో ధవళేశ్వరం దగ్గర గోదారి మీద ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేశారు, ఇప్పుడున్న బ్యారేజీ 1982కి అయ్యింది, నాలుగు ముక్కలు కలిపి 175 గేట్లు. ఇదంతా తెలిసిందే. కానీ ఆ కాలవలు తవ్వింది ఒక్క చేలకి నీళ్ళు పెట్టడానికే కాదండి, పడవలు నడపడానికి కూడా. లాకులు ఎందుకున్నాయనుకున్నారు? నీళ్ళు ఆపడానికైతే గేటు చాలు, లాకు అంటే పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దింపే గది. ఇక్కడ కాకినాడ నుంచి ఏలూరు కాలవ, కృష్ణా కాలవలు, కొమ్మమూరు కాలవ పట్టుకుని బకింగ్‌హామ్ కాలవలో పడి మద్రాసు దాకా పడవలో పోయేవారు. మరి గాలి లేనప్పుడు ఆ పడవ ఎలా కదులుతుంది? తాడు కట్టి గట్టు మీద మనుషులు నడుస్తూ లాగేవారండి. నా చిన్నప్పుడు ఆ పడవలు ఆఖరి రోజుల్లో ఉన్నాయి, ధాన్యం బస్తాలేసుకుని వెళ్తుంటే మేం గట్టు మీద దాని వెనకే పరిగెట్టేవాళ్ళం, లాగేవాళ్ళు తల దించుకుని ముందుకి వంగి ఒకే అడుగు వేసేవారు, మాట్లాడేవారు కాదు.

అంటే ఏంటండీ, బరువు లాగే మనిషి కాలు మడత పడకుండా, ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా, దారి తెగకుండా నీళ్ళ పక్కనే మైళ్ళకి మైళ్ళు వేసిన బాట అది. నీడ కోసం చెట్లు కూడా వేశారు, రావి మర్రి నిద్రగన్నేరు కానుగ, ఇప్పటికీ మిగిలినచోట మిగిలున్నాయి. దీన్ని మించిన ఈజీ ట్రయల్ ఎక్కడుంటుందండి? మనం దాన్ని చెత్త పొయ్యడానికీ, ఇంకోదానికీ వాడుతున్నాం, ఆ ఇంకోదేంటో నేను చెప్పను, పొద్దున్నే నడిచేవాళ్ళకి తెలుసు. (నవ్వులు)

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, కాలవగట్టు వేరు, ఏటిగట్టు వేరు. కాలవగట్టు తక్కువ ఎత్తు, నీళ్ళు చేతికందుతాయి. ఏటిగట్టు వరద ఆపడానికి వేసింది, ఎత్తుగా ఉంటుంది, దాని మీద నిలబడితే ఒక పక్క గోదారి, ఒక పక్క మన ఊరి పెంకుటిళ్ళ కప్పులు కాళ్ళ కింద కనపడతాయి. మనం ఎంత పల్లంలో బతుకుతున్నామో అక్కడ తెలుస్తుందండి. 1986 ఆగస్టు వరదల్లో ఏటిగట్టు మీద రాత్రంతా ఇసక బస్తాలతో ఉన్నవాణ్ణి నేను, అప్పటికి ఉద్యోగంలో కొత్త, ఆ రాత్రి గురించి చెప్తే ఈ సభ తెల్లారిపోద్ది, వదిలేద్దాం. లంకల్లోకి, అంటే గోదారి మధ్య దిబ్బల్లోకి, ఏటి వారకి నడక పెట్టుకునేవాళ్ళు మాత్రం ఒక్క అంకె గుర్తు పెట్టుకోండి: ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 రెండోది, 17.75 మూడోది. 2022 జులైలో 21 దాటింది, చూశారుగా. మొదటి హెచ్చరిక టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే ఇంక లంక నడక లేదు, గోదారి అందం చూద్దాం అని దిగిపోకండి, గట్టు మీంచే చూడండి.

సరే, ఎక్కడ నడవాలి. నన్నడిగితే మొదటిది లొల్ల. పేరు లొల్ల గానీ అంత ప్రశాంతమైన చోటు ఇంకోటి లేదు. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన మధ్య డెల్టా పెద్ద కాలవ లొల్ల లాకుల దగ్గరికొచ్చి చీలిపోతుంది, అక్కణ్ణుంచి కోనసీమ మొత్తానికి నీళ్ళు పంచుకుంటాయి. లాకుల దగ్గర నీళ్ళు పడే హోరు, అది దాటి రెండు వందల గజాలు వెళ్తే ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయి కొబ్బరాకుల గలగల ఒకటే ఉంటుంది. సినిమావాళ్ళు ఎన్ని పాటలు తీశారో అక్కడ. ఆ గట్టు మీద ఎటెళ్ళినా ఇంతే, ఆత్రేయపురం వైపెళ్తే పూతరేకులు, ర్యాలి వైపెళ్తే జగన్మోహిని గుడి, వాడపల్లి వైపెళ్తే వెంకన్న. శనివారం మాత్రం వాడపల్లి వైపు పోకండి, ఏడు శనివారాల మొక్కువాళ్ళు ఇసకేస్తే రాలనంతగా ఉంటారు, అది భక్తి, నడక కాదు.

నీడ గురించి ఒక కిటుకు. కాలవకి రెండు గట్లుంటాయి కదా, ఎండ వచ్చే పక్క చెట్లున్న గట్టెక్కండి. పొద్దున్న తూర్పు చెట్లు, సాయంత్రం పడమటి చెట్లు. ఇంత చిన్న విషయం చెప్పాలా అనుకుంటారు గానీ, పుల్లెటికుర్రు నుంచి వచ్చిన మా వియ్యంకుడుగారు అవతలి గట్టున చక్కగా నీడుంటే ఇవతల గంటసేపు ఎండలో నడిచి, మీ గట్టంతా ఎండేనండీ బావగారూ అన్నారు.

నడక దూరం ఫోన్లో చూసుకోనక్కర్లేదు, గట్టు మీద పాత రాళ్ళుంటాయి వెతకండి, మా డిపార్ట్‌మెంటువి. మాకు ఊర్లు పేర్లతో కాదు రాళ్ళతో తెలిసేవి, ఏడో మైలు మూడో ఫర్లాంగు దగ్గర గండి పడేలా ఉంది సార్ అంటే ఇంజనీరుగారికి కళ్ళ ముందు కనపడేది. మామూలుగా నడిస్తే కిలోమీటరుకి పన్నెండు పదిహేను నిముషాలు, పక్కన కబుర్ల మనిషి ఉంటే ఇరవై.

ఎప్పుడు నడవాలంటే, కార్తీకం నుంచి మాఘం దాకా. కార్తీకంలో మనవాళ్ళు ఎలాగూ ఉసిరి చెట్టు కింద వనభోజనాలు పెట్టుకుంటారు, అక్కడికి నడిచెళ్ళండి అంటాను నేను, పులిహోర అరగాలి కదా. సంక్రాంతి ముందు గట్టు పక్కన తేగలు కాలుస్తుంటారు, అది తింటూ నడిస్తే ఆ మజా వేరు. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు, రిపేర్ల కోసం, మే నెలలో కాలవంటే బురదా ప్లాస్టిక్కూ, చూడబుద్ధి కాదు. అప్పుడు తాటిముంజల కోసం పొద్దున ఆరింటికి వెళ్ళి ఏడున్నరకి ఇంట్లో ఉండాలి, అంతే. మన ఎండ కన్నా మన ఉక్క ప్రమాదమండి, చెమట పడుతుంది గానీ ఆరదు.

రెండోది కోరంగి మడ అడవి. ఇక్కడ కొంచెం టైం తీసుకుంటాను, సెక్రటరీగారు గడియారం చూడకండి.

కాకినాడ నుంచి యానాం రోడ్డులో ఇరవై కిలోమీటర్ల లోపే. 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్ల పైన. అందులో మనం నడిచేది చెక్కల వంతెన మీద, మడ చెట్ల మధ్య నుంచి. ఏ మోకాలికైనా పర్లేదు, చెక్కలు తడిగా ఉంటే మాత్రం జారతాయి. చాలామంది ఏం చేస్తారంటే గబగబా చివరికెళ్ళి బోటుందా అని అడిగి, లేదంటే తిట్టుకుని వెనక్కొచ్చేస్తారు. ఆగి కిందకి చూడాలండి. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచినవి ఉంటాయే, అవి మడ చెట్టు వేర్లు, గాలి పీల్చుకోడానికి పైకొస్తాయి, ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి. తెల్ల మడ ఆకు తిప్పి వెనక నాలిక పెట్టి చూడండి, ఉప్పగా ఉంటుంది, పీల్చుకున్న ఉప్పుని ఆకులోంచి బయటకి తోసేస్తుంది. పొన్న గింజ చెట్టు మీదే మొలకెత్తి మునక్కాయలా వేలాడి తయారయ్యాకే కిందకి పడుతుంది, బిడ్డని నడక నేర్పి పంపినట్టు. ఒక డెక్క ఒంటికన్నా పెద్దగా ఉండే ఎర్ర పీతలు ఆ డెక్క ఊపుతూ రారా చూసుకుందాం అన్నట్టుంటాయి. చేపలే బురదలో గెంతుతుంటాయి. నీటికుక్కలు అదృష్టముంటే కనపడతాయి. బావురుపిల్లి ఉందక్కడ, చేపలు పట్టే పిల్లి, కానీ అది రాత్రి తిరిగేది, నాకు ఇన్నేళ్ళలో అడుగుజాడ తప్ప కనపడలేదు.

ఇవన్నీ కనపడాలంటే నీళ్ళు తీసేసి ఉండాలి. బోటెక్కాలంటే పోటు మీద ఉండాలి. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. దీనికో లెక్కుంది చెప్తాను రాసుకోండి. పోటు రోజురోజుకీ సుమారు యాభై నిముషాలు ఆలస్యంగా వస్తుంది. అంటే వారానికి ఆరు గంటలు జరుగుతుంది. కాబట్టి ఈ ఆదివారం పొద్దున ఏడింటికి బురద కనపడిందంటే వచ్చే ఆదివారం అదే ఏడింటికి నీళ్ళు నిండుగా ఉంటాయి, ఆపై ఆదివారం మళ్ళీ బురద. మత్స్యకారులకి ఈ లెక్క తిథితో సహా నోటికొస్తుంది, అమావాస్య పౌర్ణమికి పోటు పెద్దది, అష్టమికి చిన్నది. మనం క్యాలెండర్‌లో దుర్ముహూర్తం చూస్తాం గానీ దీనికోసం చూడం.

ఇంకో జాగ్రత్త. తిల్ల చెట్టని ఉంటుంది, మామూలు చెట్టులాగే ఉంటుంది, కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడకూడదు. మా బావమరిది దంతాలు తోముకోడానికి పుల్ల విరుద్దామనుకున్నాడో ఏంటో, విరిచి, చెయ్యి తుడుచుకోకుండా కన్ను నలిపాడండి, ఇంక చూస్కోండి కేకలు. ఉన్న మంచినీళ్ళ బాటిళ్ళన్నీ కంట్లో పోసి కడుక్కుంటూ కాకినాడ ఆసుపత్రికి పట్టుకెళ్ళాం, రెండ్రోజులు కన్ను వాచిపోయి ఉంది. అడవిలో పేరు తెలియని కొమ్మ విరవొద్దు, పేరు తెలిసినా విరవొద్దు.

ఆ మడ అడవి మనకెందుకు అని అడిగేవాళ్ళున్నారు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవండి, 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకో ఉప్పెన, ఇంక ఆ రేవు లేవలేదు. మన తరానికి 1996 నవంబర్ ఆరు తుపాను గుర్తుంది, కోనసీమలో కొబ్బరిచెట్టు తల ఉన్నది కనపడలేదు. కెరటం ముందు తగిలేది ఆ వేర్లకే, అవి లేకపోతే మనకే. ఇంతకన్నా నేను చెప్పను, నడిచి చూస్తే మీకే అర్థమవుద్ది. అక్కడికి బ్లూటూత్ స్పీకరు పట్టుకొచ్చే కుర్రాళ్ళని మాత్రం ఆ తిల్ల పుల్లతో... వద్దులెండి, రికార్డవుతోంది.

మనకి నడక యాత్ర కొత్తేం కాదండి. చొల్లంగి అమావాస్యకి గోదారి పాయ తుల్యభాగలో మునిగి, అక్కణ్ణుంచి గోదారి ఏడు పాయల దగ్గరా స్నానాలు చేసుకుంటూ అంతర్వేదికి చేరేవారు, సప్తసాగర యాత్ర. మా నాయనమ్మ చేసిందట. చెప్పుల్లేకుండా, చద్దిమూటతో, పడవ రేవు వస్తే పడవ, లేకపోతే కాళ్ళు. అంతర్వేదిలో భీష్మ ఏకాదశికి ముగిసేది. ఇప్పుడు వ్యాన్లో ఒక్కరోజులో చుట్టేస్తున్నారు. మనం మొత్తం కాకపోయినా చివరి ముక్క నడవొచ్చు, అంతర్వేది గుడి నుంచి అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా. చూశారా, అక్కడా గట్టే. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోటు, ఒక పక్క నీళ్ళు మట్టి రంగు, ఒక పక్క నీలం, మధ్యలో గీత కనపడుతుంది. సరుగుడు తోటల పక్కనుంచి తడిసిన ఇసక మీద నడవాలి, పొడి ఇసకలో నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు సఖినేటిపల్లి రేవులో పంటు, అదే ఏరు దాటించే బల్లకట్టు, దిగి వస్తే సగం సరదా అక్కడే తీరిపోద్ది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డున టార్చిలైట్లు వెయ్యకండి, తాబేళ్ళు గుడ్లు పెట్టుకోడానికి వస్తాయి. సముద్రంలో దిగడం గురించి చెప్పక్కర్లేదనుకుంటా, కలిసేచోట లోపల సుడి ఉంటుంది, పాదాలు తడుపుకుంటే చాలు.

కడియం అందరికీ తెలిసిందే, నర్సరీల మధ్య కాలవ గట్టు, పిల్లల్ని తీసుకెళ్ళడానికి బావుంటుంది, ఒక గంట. 2024 సెప్టెంబర్‌లో దివాన్‌చెరువు అడవిలో కనపడ్డ చిరుత కడియం నర్సరీల దాకా వచ్చింది కదా, అప్పట్లో అక్కడ వాకింగ్ బంద్. దానికి కూడా గట్టు నచ్చినట్టుంది. కొల్లేరు, ఆటపాక నేను నడక కింద లెక్కెయ్యను, గూడబాతులు చూడ్డానికి వెళ్ళాలి, కూర్చుని చూడాలి.

ఇంక అడగండి.

(ఒక మహిళ: పాముల సంగతేంటండి? మాకు అదే భయం.)

భయం ఉండాలమ్మా, మంచిదే. వరిచేలున్నచోట ఎలకలు, ఎలకలున్నచోట పాములు. తాచు, రక్తపింజర, కట్లపాము ఈ మూడే మనకి ముఖ్యంగా. తెల్లవారుజామున వెళ్తే లైటు తప్పనిసరి, ఫోన్ లైటు కాదు, టార్చి. కర్రతో నేలమీద కొడుతూ నడవండి, పాముకి చెవుల్లేకపోయినా అదురు తెలుస్తుంది, తప్పుకుంటుంది. గట్టు మధ్యలో నడవండి, గడ్డిలో కాలు పెట్టకండి. రక్తపింజర తప్పుకోదు, అక్కడే చుట్ట చుట్టుకుని బుస్సుమంటుంది, మీరే ఆగి వెనక్కి రావాలి. కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, బ్లేడుతో కొయ్యొద్దు, పసరు మందు జోలికి పోవద్దు, కరిచిన కాలు కదపకుండా బండి మీద గవర్నమెంటాసుపత్రికి, అక్కడ మందుంటుంది, ఈ మూడింటికీ ఒకే మందు పనిచేస్తుంది కాబట్టి పామును చంపి పట్టుకెళ్ళక్కర్లేదు. నేను సర్వీసులో ఉండగా ఒక లస్కరుని మంత్రం వేసేవాడి దగ్గర రెండు గంటలు కూర్చోబెట్టారండి. తర్వాత సంగతి చెప్పను.

(ఒక పెద్దాయన: గట్టు మీద సిమెంటు రోడ్డేసి బెంచీలు, జిమ్ము పెడితే బావుంటుంది కదండీ?)

బావుండదండి. నేను మీతో ఏకీభవించను, ఏమనుకోకండి. మట్టి గట్టు మీద గంట నడిస్తే రాని నొప్పి సిమెంటు మీద అరగంటకొస్తుంది. రోడ్డు పడిందంటే ట్రాక్టర్లొస్తాయి, ట్రాక్టర్లొస్తే వెడల్పు చాలదని చెట్లు కొడతారు, నా కళ్ళ ముందు ఒక గట్టు మీద నిద్రగన్నేర్లన్నీ నెలలో పోయాయి. బెంచీ కావాలంటే లాకు గోడుంది, దాని మీద కూర్చోండి. మాకు పెట్టాల్సింది ఏదైనా ఉంటే చెత్త పొయ్యకుండా ఒక మనిషిని పెట్టమనండి, చాలు.

(అదే పెద్దాయన: వానొస్తే మట్టి గట్టు జిగటే కదా మరి?)

జిగటేనండి, అది ఒప్పుకుంటాను. నల్లమట్టి చెప్పుకి పట్టుకుందంటే ఒక్కో కాలు రెండు కేజీలు. వానొచ్చిన రెండ్రోజులు మానెయ్యండి. చెప్పులైతే వెనక బెల్టున్నవి వేసుకోండి, హవాయి చెప్పులు వద్దు.

(ఒక అమ్మాయి: ఆడవాళ్ళం ఒక్కళ్ళమే వెళ్ళొచ్చా అండి?)

ఒక్కరూ వద్దమ్మా, నేను మగాళ్ళకీ అదే చెప్తాను. కాలు జారి కాలవలో పడితే కేకేస్తే వినే మనిషి ఉండాలి. నలుగురు కలిస్తే కుక్కలు కూడా మీదకి రావు. మా ఊళ్ళో డ్వాక్రా ఆడవాళ్ళు ఏడుగురు రోజూ అయిదున్నరకి వెళ్తారు, వాళ్ళ వెనకాల నడవలేక నేనే ఆగిపోతుంటాను.

సరేనండి, ఎనిమిదైంది. వచ్చే ఆదివారం లొల్ల లాకుల దగ్గర పొద్దున్న అయిదూ ముప్పావుకి. నీళ్ళ సీసా, కర్ర, టార్చి తెచ్చుకోండి. టిఫిన్లు ఎవరూ కట్టుకురావొద్దు, ఆ లాకుల పక్కన పెసరట్టు వేసే ఆయనకి నలభై మందిమని చెప్పొచ్చాను, మీరు రాకపోతే ఆ అట్లన్నీ నేనే తినాలి.